ఎండుచేపల కింద ఒక ముఖం

మొన్న నెల్లూరులో ఒక కాలేజీ వాళ్ళు పిలిస్తే వెళ్ళాను. జర్నలిజం చదువుకుంటున్న పిల్లలకు నాలుగు అనుభవాలు చెప్పమన్నారు. రిటైరయిన వాళ్ళను పిలిచి శాలువా కప్పడం, మేం గంటసేపు మాట్లాడి పిల్లలను నిద్రపుచ్చడం మామూలే కాబట్టి నేనూ అదే చేశాను. చివర్లో ముందు బెంచీ అమ్మాయి ఒకతె లేచింది. "ఒక ఫొటో ఎలాగూ పబ్లిక్ అయిపోయింది. ఇంక మనం వేస్తే తప్పేంటి మేడమ్? ప్రైవసీ అప్పటికే పోయింది కదా" అని అడిగింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్ల మీద కోపం లేదు. అదే మాట దాదాపు అవే ముక్కల్లో మా ఎడిషన్ ఇన్‌చార్జి నోట విన్న రోజు గుర్తొచ్చింది, అంతే. వేదిక మీద ఏదో సర్దిచెప్పి దిగిపోయాను. ఇంటికొచ్చాక మనసు ఊరుకోలేదు. ఆ అమ్మాయికి అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. పేర్లు ఎవరివీ రాయను. కొందరికి అది మర్యాద, మరికొందరికి వాళ్ళకు దక్కాల్సినదానికంటే ఎక్కువ మర్యాద.

నేను పత్రికలో జిల్లా డెస్క్‌లో పనిచేశాను. వార్త తెచ్చేది విలేకరి, దాన్ని దిద్ది పేజీలో పెట్టేది డెస్క్. పేరు విలేకరికి, తిట్లు డెస్క్‌కి. కోస్తా మండలాల పేజీ చాలా ఏళ్ళు నా చేతి మీదుగానే వెళ్ళింది. అల్లూరు రొయ్యల గుంటల్లో కరెంటు కోతలు, బుచ్చిరెడ్డిపాలెం వడ్ల ధరలు, బోగోలు తీరంలో వలలు తెగిన గొడవలు, ఇవే నా రోజువారీ లోకం.

బోగోలు వైపు మా విలేకరి ఒక దర్జీ. వాళ్ళింట్లో మగవాళ్ళందరిదీ తాతల నాటి నుంచి అదే పని. పగలు బట్టలు కుట్టేవాడు, పొద్దువాలాక వార్తలు పంపేవాడు. రంజాన్ నెలలో మాత్రం అతని దగ్గర్నుంచి ఏ వార్తా వచ్చేది కాదు, కుట్టుమిషన్ మీంచి తల ఎత్తేవాడు కాదు. అతను రాసే వాక్యాలు చాంతాడంత ఉండేవి. నేను ఎడాపెడా కత్తిరించేదాన్ని. "మీదీ నా పనే గదా మేడమ్, నేను గుడ్డ, మీరు మాట" అని నవ్వేవాడు. మా ఇద్దరికీ బాగా పొసిగేది.

సరిహద్దులో కాల్పులు జరిగి అప్పటికి కొన్ని వారాలయింది. బోగోలు దగ్గర ఒక పల్లె కుర్రాడు అక్కడ సైన్యంలో ఉన్నాడు. ఎడమ చేతికి దెబ్బ తగిలి, ఆసుపత్రి నుంచి సెలవు మీద ఇంటికొస్తున్నాడని కబురొచ్చింది. పల్లె యువకులు ర్యాలీ పెట్టారు. పైకప్పు లేని జీపు, పూలదండలు, డప్పులు, హైవే మలుపు నుంచి ఊళ్ళోకి ఊరేగింపు. అదే వారం ఆదివారం వాళ్ళ చర్చి మందిరంలో కృతజ్ఞతా కూడిక కూడా పెట్టుకున్నారు. బిడ్డ ప్రాణాలతో తిరిగొచ్చినందుకు దేవుడికి స్తోత్రం చెప్పుకుని, ఊరందరికీ భోజనం పెట్టాలని.

ర్యాలీ వార్త మా దర్జీ పంపాడు. ఫొటోలు కూడా వచ్చాయి. కింద విడిగా ఒక ముక్క రాశాడు: "జవాను జీపు దిగేసినాడు మేడమ్. దండలు తీసి జీపులోనే పెట్టేసి ఇంటికి నడిచిపోయినాడు. ఎందుకో తెలీదు." చుట్టూ డప్పులు మోగుతుండగానే వెళ్ళిపోయాడట. నేను ఫోన్ చేసి, ఎందుకో కనుక్కోమన్నాను. ర్యాలీ వార్త అంతటితో ఆపేశాను.

మర్నాటికి సంగతి బయటపడింది.

మా జిల్లాలో ఫ్లెక్సీ లేకుండా ఏదీ జరగదు. బిడ్డకు బారసాల అయినా ఫ్లెక్సీయే, మనిషి పోయినా ఫ్లెక్సీయే. యువకులు కూడా జవానుకు స్వాగతమంటూ ఒకటి వేయించాలనుకున్నారు. ఫొటోల కోసం జవాను బావమరిది, అతని ఫోన్ పట్టుకుని కావలిలో ఒక ఫ్లెక్సీ షాపుకు పోయాడు. జవాను కొన్ని ఫొటోలు ముందే అతనికి పంపి ఉంటే సరిపోయేది, కానీ ప్రయాణం అలసటలో, "ఫోన్లోనే ఉండాయి, నువ్వే ఏరుకో" అని ఫోనే ఇచ్చేశాడు. షాపాయన ఒకప్పుడు గోడల మీద అక్షరాలు రాసిన ఆర్టిస్టు. ఫోన్‌కు వైరు తగిలించి ఉన్నవన్నీ కంప్యూటర్లోకి లాగేసుకున్నాడు. అది మా ఊళ్ళ షాపుల పద్ధతి. అడిగితే, "మళ్ళీ మీరు ఇంకో ఫ్లెక్సీకి వస్తారు గదా, పనికొస్తాయిలే" అంటారు. ఎవరి పెళ్ళి ఫొటోలు, ఎవరి ఆసుపత్రి ఫొటోలు ఏ కంప్యూటర్లో పడి ఉన్నాయో ఆ దేవుడికే తెలియాలి.

యువకుల ఫ్లెక్సీ యూనిఫాంలో నవ్వుతున్న ఫొటోతో బాగానే వచ్చింది. తర్వాత అదే షాపుకు ఒక నాయకుడి మనుషులు వచ్చారు. నాయకుడు ఏ పార్టీయో చెప్పను. టికెట్ కోసం ఊరూరా తిరుగుతున్న కాలమది. హైవే మలుపులో జవానుకు స్వాగతం చెబుతూ తన ఫ్లెక్సీ అందరికంటే పెద్దగా ఉండాలన్నాడు. "కొంచెం ఫీలింగ్ ఉండేది వెయ్యి" అన్నారట అతని మనుషులు. షాపాయన జవాను ఫోన్ నుంచి లాగిన ఫొటోల్లో వెతికి ఫీలింగ్ ఉన్నది ఒకటి పట్టుకున్నాడు.

ఆ ఫొటోలో ఒక సైనికుడు వెల్లకిలా పడి ఉన్నాడు. ముఖమంతా మట్టి, నెత్తురు. కళ్ళు తెరిచే ఉన్నాయి. అతని తల ఎవరి ఒళ్ళోనో ఉంది. ఆ ఒళ్ళో పెట్టుకున్న మనిషి ముఖం ఫొటోలోకి రాలేదు, చేతులు మాత్రం కనపడుతున్నాయి. షాపాయన పడి ఉన్నవాడే మన జవాను అనుకున్నాడు. కింద జవాను పేరు వేసి, ముందు ‘గాయపడిన వీరుడు’ అని చేర్చాడు. పక్కన సగం ఫ్లెక్సీ నిండా చేతులు జోడించిన నాయకుడి నవ్వు ముఖం. ఊరేగింపు జీపు ఆ మలుపు తిరిగేసరికి జవానుకు కనపడింది అది.

దర్జీ వెంటబెట్టుకొస్తే జవాను మా ఆఫీసుకు వచ్చాడు. ఎడమ చెయ్యి కట్టులో ఉంది. మనిషి మెత్తగా, మర్యాదగా మాట్లాడాడు. టీ తెప్పిస్తే చల్లారిపోయేదాకా ముట్టలేదు. "అక్కా, ఆ పండుకోనుండేది నేను కాదు. మా వాడు. చేతులు నావి" అన్నాడు.

ఆ స్నేహితుడిది తడ దాటాక కొంచెం దూరంలో తమిళనాడు వైపు ఊరు. ఇద్దరూ సగం తెలుగు, సగం తమిళంలో మాట్లాడుకునేవాళ్ళట. వాళ్ళమ్మతో కూడా ఇతను ఫోన్లో మాట్లాడుతుండేవాడు. ఆ రోజు పక్కనున్న ఇంకొకతను ఎందుకో ఆ ఫొటో తీశాడు. తర్వాత ఇతనికి పంపాడు. అంత ఘోరమైన ఫొటోను ఫోన్లో ఎందుకు ఉంచుకున్నావని నేను అడిగాను. "వాడు బతికుండే ఆఖరి ఫొటో అక్కా. ఎట్ట తీసేసేది?" అన్నాడు.

తర్వాత అసలు మాట చెప్పాడు. "శానాసేపు ఉన్నాడక్కా. అమ్మా అమ్మా అంటానే ఉన్నాడు. నేను వాళ్ళమ్మకు ఫోన్ చేసి, తెలీకుండా పోయినాడమ్మా, నొప్పి పళ్ళేదు అని చెప్పినాను. ఆమె ఆ మాట పట్టుకోనే బతకతా ఉండాది. ఈ ఫొటో చూస్తే ఆమెకు తెలిసిపోతాది."

ఫొటో బయటపడినందుకు పైఅధికారులు తనను అడుగుతారేమో అన్న భయం కూడా ఉంది అతనికి. కానీ అది చివర్న, లేచి వెళ్ళేటప్పుడు చెప్పాడు. ఉద్యోగం సంగతి అంత చివరికి గుర్తొచ్చిన మనిషిని చూసి నాకు ఆ నాయకుడి మీద పట్టరాని కోపం వచ్చింది. "ఆ ముఖం మా పేపర్లో రాదు, నాది పూచీ" అన్నాను. కృతజ్ఞతా కూడిక ఎప్పుడని అడిగితే, వద్దని పాస్టరుగారికి చెప్పేశానన్నాడు. ఆ ఫ్లెక్సీ అక్కడ వేలాడుతుంటే తనకు స్తోత్రం ఎట్లా నోటికొస్తుందన్నాడు.

ఫ్లెక్సీ దించమని అతను అప్పటికే నాయకుడి మనుషులను అడిగాడు. "అన్న బొమ్మ ఉండాది గదా, నడిమధ్యలో దించితే అన్నకు అవమానం. ఈ వారంలో ఇక్కడే అన్న మీటింగ్ ఉండాది, అది అయిపోనీ" అన్నారట. నేను దర్జీ చేత నాయకుడికే ఫోన్ చేయించాను. ఆయన పెద్ద ఉపన్యాసమే ఇచ్చాడు. దేశం కోసం చిందిన నెత్తురు జనం చూడాలట, అది ఒక్కరి సొంతం కాదట, ప్రజలందరి ఆస్తి అట. ఈ మాట గుర్తుపెట్టుకోండి. ‘ప్రజలందరి ఆస్తి’ అన్నాడు.

వార్త రాస్తానంటే జవాను వద్దన్నాడు. రాస్తే ఫ్లెక్సీ గురించి ఇంకా నలుగురికి తెలుస్తుంది, ముందు అది దిగిపోనియ్యండి అన్నాడు. ఆగాను. మీటింగ్ అయిపోయింది, ఫ్లెక్సీ దిగిపోయింది. జవాను దర్జీకి ఫోన్ చేసి, "పీడా పోయిందన్నా" అన్నాడట. మేం కూడా అట్లాగే అనుకున్నాం.

మా తీరంలో ఏ ఫ్లెక్సీకీ చావు లేదు. రొయ్యల మేత పాకల మీద కప్పేది అదే, పడవ ఇంజనుకు తొడిగేది అదే, వాన కారే ఇంటి మీద పరిచేది అదే. మీటింగ్ అయిన మర్నాడు పొద్దున్నే ఎవరెవరో బైకులేసుకొచ్చి ఊడదీసుకుపోతారు. ఎవరూ తప్పనరు, తప్పు కాదు కూడా. ఇది తెలిసీ మేమిద్దరం ఆ ఫ్లెక్సీ ఎక్కడికి పోయి ఉంటుందని ఆలోచించలేదు.

తర్వాతి వారం మా దర్జీ వేరే వార్త కోసం సముద్రం ఒడ్డుకు పోయాడు. అక్కడ ఒక పెద్దామె నెత్తళ్ళు, అంటే వేలెడంత చేపలు, ఎండబెడుతోంది. ఇసకలో అదే ఫ్లెక్సీ, బొమ్మ పైకే పరిచి ఉంది. దాని నిండా చేపలు. నాయకుడి నవ్వు మీద చేపలు, పక్కన ఆ పిల్లాడి తెరిచిన కళ్ళ మీద చేపలు. విలేకరి చెయ్యి ఊరుకోదు. ముందు ఫొటో తీశాడు, తర్వాత నాకు ఫోన్ చేశాడు. జవానుకు కూడా చెప్పానని, వస్తున్నాడని అన్నాడు. ఆమెను ఏమీ అనొద్దని నేను చెప్పాను.

ఆ తర్వాత జరిగింది దర్జీ చెప్పగా విన్నదే. జవాను వచ్చి ఆ ఫ్లెక్సీ అంచున నిలబడ్డాడట. పెద్దామె భయపడింది. "బయట పారేసుంటే తెచ్చుకున్నాం నాయనా. ఈ పక్క నున్నగా ఉంటాది, చేప అంటుకోదని ఇట్ట పరిచినాను" అంది. అతను ఆ పడుకున్నది తన స్నేహితుడనీ, ఇప్పుడు లేడనీ చెప్పాడు. ఆమె వంగి, రెండు చేతులతో ఆ ముఖం మీది చేపలు ఎత్తి గంపలో వేసింది. కొంగుతో ఆ ముఖం మీది పొలుసు తుడిచింది. "ముందే చెప్పుంటే ఇంటికి తీసకపోయి మడిచి దాచుండేదాన్ని గదయ్యా" అంది.

వల కోసే కత్తి కూడా ఆమే ఇచ్చింది. జవాను మోకాళ్ళ మీద కూర్చుని ఒంటిచేత్తో ఆ ముఖం, దాని కింద ఉన్న తన చేతులు కనపడే మేర కోసుకున్నాడు. దర్జీ సాయం చెయ్యబోతే వద్దన్నాడు. కోసిన ముక్కను చుట్టి, వల తాడుతో కట్టి, చొక్కా లోపల పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఫ్లెక్సీలో ఒక మూల పెద్ద కంత మిగిలింది. అందులోంచి ఇసక కనపడుతోంది. పెద్దామె చేపల గంప దగ్గర నిలబడి దర్జీని అడిగింది: "మరి ఈయన ముఖం మీద పొయ్యొచ్చునా?"

"ఆయనకేం, శుభ్రంగా పొయ్యి" అన్నాడు దర్జీ. ఆమె పోసింది. అతను రెండో ఫొటో తీశాడు.

రెండూ నా దగ్గరికొచ్చాయి. మొదటి దాంట్లో చేపల కింద చనిపోతున్న పిల్లాడు. రెండో దాంట్లో చేపల కింద చేతులు జోడించిన నాయకుడు, పక్కన కంత. నేను దర్జీని అడిగాను, రెండో ఫొటో కోసం నువ్వేమన్నా పోయించావా అని. ఆమె అడిగిందని, తాను ఒప్పుకున్నానని, అంతకుమించి చెయ్యి పెట్టలేదని అన్నాడు. అతను అబద్ధం చెప్పే మనిషి కాదు. మొదటిది ఫోన్లోంచి తీసేయమన్నాను, తీసేశాడు. అయితే మా పద్ధతి ప్రకారం విలేకరులు పంపే ఫొటోలన్నీ మా ఆఫీసు గ్రూపులో పడతాయి. మా ఎడిషన్ ఇన్‌చార్జి ఆ గ్రూపులో ఉంటారు. ఎడిషన్ మొత్తానికీ ఆయనే పెద్ద.

ఆయన మొదటి ఫొటో చూసి ఎగిరి గంతేశారు. ఇలాంటి ఫొటో పదేళ్ళకొకటి దొరుకుతుందన్నారు, మొదటి పేజీకి పంపుదామన్నారు. నేను ఆ తల్లి సంగతి చెప్పాను. "రోడ్డు మీద వారం వేలాడింది, బీచ్‌లో పడుంది. ఇంకా ఏం ప్రైవసీ అమ్మా? పబ్లిక్ అయిపోయింది. ప్రెస్ ఫ్రీడమ్ అంటే ఇదే" అన్నారు. విన్నావా అమ్మాయీ, ఆ ముందు బెంచీ మాట?

నేను ఒప్పుకోలేదు. రెండో ఫొటో వేద్దాం, జవాను అడిగినా దించకుండా నాయకుడు ఆ బొమ్మను ఎట్లా వాడుకున్నాడో రాద్దాం, నాయకుడి ‘ప్రజలందరి ఆస్తి’ మాట కూడా వేద్దాం అన్నాను. వాదన తెగలేదు.

ఇంతలో ఒడ్డున ఎవరో చూసి నాయకుడికి చెప్పినట్టున్నారు. మధ్యాహ్నం ఆయన నుంచి మా ఇన్‌చార్జికి ఫోన్ వచ్చింది. లోపల తలుపు వేసుకుని మాట్లాడారు. బయటికొచ్చాక ఆయన ముఖమే మారిపోయింది. రెండు ఫొటోలూ వద్దు, వార్తా వద్దు అన్నారు. ఎందుకండీ అన్నాను. "సైనికుల గౌరవం, వాళ్ళ ప్రైవసీ. మనకూ బాధ్యత ఉంటుంది కదమ్మా" అన్నారు. పొద్దున స్వేచ్ఛ, మధ్యాహ్నానికి గౌరవం! ఒకే నోట్లో, ఒకే కుర్చీలో.

సాయంత్రం దర్జీ షాపుకు పోలీసులు వచ్చారు. సరిహద్దు కాల్పుల నాటి సైనికుల ఫొటోలు అతని దగ్గర ఉన్నాయని, దేశ భద్రతకు ముప్పని, ఆ కుటుంబాల గోప్యత దెబ్బతింటుందని నాయకుడి మనుషులు ఫిర్యాదు పెట్టారు. ప్రజలందరి ఆస్తి అన్న పెద్దమనిషి తరఫు ఫిర్యాదు అది. ఫోన్ ఇమ్మన్నారు. ఈ సంగతులు ఎవరు చెప్పారో ఆ పేర్లు కూడా ఇమ్మన్నారు. దర్జీ ఫోన్ ఇచ్చాడు, పేరు మాత్రం ఒక్కటీ చెప్పలేదు. పోలీసాయనతో ఒక్క మాట అన్నాడట: "సార్, ఆ బొమ్మ నా ఫోన్లో ఉంటే నేరం. ఆయన ఫ్లెక్సీ మీద ఉంటే దేశభక్తి. ఎట్ట సార్?" ఆయన తల దించుకుని ఫోన్ కవర్లో వేసుకున్నాడట. ఆ ఫోన్ తిరిగి రావడానికి చాలా రోజులు పట్టింది. ఫ్లెక్సీ షాపుకు గానీ, నాయకుడి ఇంటికి గానీ ఎవరూ వెళ్ళలేదు.

పిల్లలూ, ప్రెస్ ఫ్రీడమ్ గురించి మీకు పాఠాలుంటాయి, పరీక్షల్లో రాస్తారు. నాకది ఆ సాయంత్రం ఒక టైలర్ షాపులో, కుట్టని చొక్కాల మధ్య, చెప్పని పేరుగా కనపడింది. అతనికి మా పత్రిక ఇచ్చింది ఒక ఐడీ కార్డు మాత్రమే. అది కూడా ఆపద వస్తే వెనక్కి తీసుకునే రకం.

నేను ఇన్‌చార్జి గదిలోకి వెళ్ళి, వార్త ఆపమన్నారు కదా, ఆ మాట మెయిల్‌లో పెట్టండి అన్నాను. నోటితో చెప్పే ఆజ్ఞలు మెయిల్‌లోకి రమ్మంటే రావు, ఇది మీ ఉద్యోగ జీవితంలో చాలాసార్లు పనికొస్తుంది. ఆయన నన్ను ఎగాదిగా చూశారు. పెడతానులే అన్నారు. పెట్టలేదు. ఒక పెళ్ళి రిసెప్షన్‌కు వెళ్ళాలని తొందరగా బయల్దేరారు. పేజీ ప్రింటింగుకు వదిలే వేళ వరకూ చూశాను. మెయిల్ రాలేదు. జిల్లా పేజీ వదలాల్సింది నేను, వదిలాను. రెండో ఫొటో పేజీ మధ్యలో, కంతతో సహా. వార్తలో నాయకుడి పేరు ఉంది, ఆయన మాటలు ఉన్నాయి, విలేకరి ఫోన్ తీసుకుపోయిన సంగతి ఉంది. చనిపోయినవాడి పేరు లేదు, ఊరు లేదు, ముఖం లేదు. జవాను పేరు కూడా వేయలేదు. ఆ రోజంత గర్వంగా నేను ఎప్పుడూ ఇంటికి వెళ్ళలేదు.

మర్నాడు బస్టాండులో జనం పేపర్ చూసి నవ్వుకున్నారు. నాయకుడికి ఆ నవ్వు చాలా తగిలింది. తన అనుమతి లేకుండా తన ఫొటో చేపలతో వేశామని, తన వ్యక్తిగత గౌరవానికి భంగమని లాయరు నోటీసు పంపాడు. తానే హైవే మలుపులో కట్టించిన తన బొమ్మకు గోప్యత అడిగిన మొదటి మనిషి ఆయనే అయి ఉంటాడు. నాకు మెమో వచ్చింది. వ్యవసాయం పేజీకి మార్చారు. రిటైరయ్యేదాకా వరి తెగుళ్ళు, వాటికి మందులు రాసుకుంటూ గడిపాను. దానికి నాకేం బాధ లేదు, ఆ పేజీని నిజంగా చదివేవాళ్ళుంటారు.

బాధ వేరే ఉంది. అదే రోజు సాయంత్రం ఒక టీవీ చానల్లో మొదటి ఫొటో వచ్చింది. మాది ఒక్కటే కాపీ అనుకున్నాను. మా ఇన్‌చార్జి రిసెప్షన్‌కు వెళ్ళే తోవలో దాన్ని తన స్నేహితుడికి పంపారు. తర్వాత నిలదీస్తే, "మనం వేసుకోలేకపోయినా వార్త చావకూడదు కదా, వాళ్ళకు ధైర్యముంటే వేసుకుంటారని ఇచ్చాను" అన్నారు. వాళ్ళు చూపించిన ధైర్యం ఏమిటో వినండి. ఆ ఫొటోలో ఒక ముఖాన్ని మసకచేశారు. ఎవరిదనుకున్నారు? నాయకుడిది. చేతులు జోడించిన ఆ నవ్వు ముఖం మీద గుండ్రంగా మసక. పక్కన చనిపోతున్న పిల్లాడి ముఖం, చేపల మధ్య తెరిచిన కళ్ళు స్పష్టంగా. దాన్ని దగ్గరికి లాగి, మళ్ళీ మళ్ళీ చూపించారు. కింద ‘సైనికుడికి అవమానం’ అని అక్షరాలు తిరుగుతున్నాయి. ఆ మసక పెట్టిన వేలు ఎవరిదో గానీ, ఏ ముఖాన్ని కాపాడాలో దానికి బాగా తెలుసు.

అక్కడి నుంచి అది ఫోన్లకెక్కింది. తడ దాటింది. తమిళంలో మాటలు తగిలించుకుంది.

ఆ తల్లి చూసింది. ఆమె తమ్ముడి కొడుకు ఎవరో ఫోన్లో చూపించాడట. ఆమె జవానుకు ఫోన్ చేసింది. అతను ఎత్తడానికి భయపడ్డాడు, ఎత్తాడు. ఆమె తిట్టలేదు. అబద్ధం ఎందుకు చెప్పావని కూడా అడగలేదు. ఆ తలకింద చేతులు ఎవరివని మాత్రం అడిగింది. నావేనమ్మా అన్నాడు. అయితే సరే అంది.

ఇది విని మా ఇన్‌చార్జి ఏమన్నారో తెలుసా? "చూశారా, ఆ ఫొటో వల్ల ఆమెకు ఎంత ఊరట దొరికిందో. బయటికి రావడమే మంచిదయింది" అన్నారు. ఆమె పెద్ద మనసును తెచ్చి తన తప్పు మీద ముసుగు వేసుకున్నారు. నేను ఆ గదిలోంచి లేచి వచ్చేశాను. ఆ తర్వాత ఆ మనిషితో పని ఉన్నంతవరకే మాట్లాడాను.

కొన్ని రోజుల తర్వాత జవాను నన్ను అడిగి, ఆమె చేత నాకు ఫోన్ చేయించాడు. మా పుట్టిల్లు సూళ్ళూరుపేట, తమిళం నాకు అర్థమవుతుంది, కాస్త మాట్లాడగలను. పేపర్లో తన కొడుకు ముఖం వేయనందుకు ఆమె నాకు కృతజ్ఞతలు చెబుతుందేమో అనుకున్నాను. ఆమె నిదానంగా మాట్లాడింది. అంతమంది పెద్దవాళ్ళున్నారు కదా, నాయకుడు, పోలీసులు, టీవీ వాళ్ళు, పేపర్ వాళ్ళు, ఇంతమందిలో తనను ఎవరూ ఎందుకు అడగలేదని అడిగింది. తర్వాత ఆమె అన్న మాట తమిళంలోనే నా చెవుల్లో ఉంది, తెలుగులో ఇది: "అడిగుంటే వద్దనే చెప్పేదాన్ని. కానీ అడిగుండాల్సింది నన్నే గదమ్మా."

జవాను మళ్ళీ తన యూనిట్‌కు వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు ఆ కోసిన ముక్కను మందిరం వెనక సమాధుల దగ్గర పాతిపెట్టాడు, పాస్టరుగారు ప్రార్థన చేశారు. దర్జీ ఇప్పటికీ బట్టలు కుడుతున్నాడు, వార్తలు మానేశాడు. ఒడ్డున ఆ పెద్దామెకు కంత ఉన్న ఫ్లెక్సీ బదులు మంచి టార్పాలిన్ పట్టా ఒకటి కుట్టి ఇచ్చాడు.

ఇంక నీ ప్రశ్న, అమ్మాయీ. ఆ ఒక్క ముఖం గురించి ఆ రోజు ఎన్ని ఫోన్లు తిరిగాయో నాకు తెలుసు. నాయకుడి నంబరు మా ఆఫీసులో అందరి దగ్గరా ఉంది. స్టేషన్ నంబరు ఉంది, చానల్ నంబరు ఉంది, లాయరు నంబరు ఉంది. ఆ తల్లి నంబరు మాలో ఎవరి దగ్గరా లేదు. నువ్వు ముందు ఆ నంబరు సంపాదించు. ఆమెతో మాట్లాడు. ఆ తర్వాత వచ్చి, ఆ ఫొటో అప్పటికే పబ్లిక్ అయిపోయిందని నాతో చెప్పు.